కోహా పేరు ఎవరిది? గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ ట్రేడ్‌మార్క్ వివాదంపై ఒక కేస్ స్టడీ

కొన్నేళ్ల క్రితం కోస్తా జిల్లాల్లోని ఒక డిగ్రీ కళాశాలకు కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ పని మీద వెళ్లినప్పుడు, అక్కడి లైబ్రేరియన్ ఒక పాత బిల్లు తీసి నా ముందు పెట్టారు. కళాశాలలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం రాకముందు హడావుడిగా ఒక సంస్థతో ఆటోమేషన్ చేయించినప్పటి బిల్లు అది. ఇన్‌స్టలేషన్‌కు ఒక పద్దు, డేటా ఎంట్రీకి ఒక పద్దు, బార్‌కోడ్ లేబుళ్లకు ఒక పద్దు ఉన్నాయి; నాలుగో పద్దు దగ్గర "కోహా లైసెన్స్ ఫీజు" అని ఉంది. "కోహా వాళ్ల కంపెనీదే కదండీ, లైసెన్సు వాళ్లే ఇవ్వాలి కదా?" అని ఆవిడ అడిగారు. ఆ సందేహానికి కారణాలున్నాయి. లాగిన్ పేజీ మీద ఆ సంస్థ లోగో ఉంది. విద్యార్థులు పుస్తకాలు వెతికే కేటలాగ్ వెబ్ చిరునామా కూడా ఆ సంస్థ డొమైన్ మీదే ఉంది.

"కోహా ఏ కంపెనీదీ కాదు మేడమ్, అందరిదీ" అని చెప్పి, ఆ పద్దు కింద కళాశాల దేనికి డబ్బు కట్టిందో ఎవరూ చెప్పలేరని వివరించి వచ్చాను. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని ఆలోచిస్తే నా జవాబు సగమే నిజమని తోచింది. కోడ్ విషయంలో ఆ మాట చెల్లుతుంది. పేరు విషయంలో అదే మాట నిలబెట్టడానికి న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి గ్రంథాలయమూ దాని స్నేహితులూ రెండేళ్లకు పైగా ట్రేడ్‌మార్క్ కార్యాలయం తీర్పు కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆవిడకు ఆ రోజు చెప్పకుండా వదిలేసిన మిగతా సగాన్ని ఇక్కడ రాస్తున్నాను.

న్యూజిలాండ్ ఉత్తర దీవిలో, రాజధాని వెల్లింగ్టన్‌కు పైన, లెవిన్ అనే పట్టణం ఉంది. అక్కడా, పక్కనున్న ఫాక్స్‌టన్, షానన్ ఊళ్లలోనూ గ్రంథాలయాలను హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్ నడిపేది. 1999లో ఆ ట్రస్ట్ వాడుతున్న సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం తేదీలను అర్థం చేసుకోలేదని తేలింది. మార్కెట్లో దొరికే వ్యవస్థలు పెద్ద గ్రంథాలయాలకు తగినవి. వాటి ఖర్చు ఈ ట్రస్ట్‌కు మోయలేని బరువు. శాఖల మధ్య ఉన్నది మామూలు టెలిఫోన్ లైను, మోడెమ్. అప్పుడు కటిపో కమ్యూనికేషన్స్ అనే వెల్లింగ్టన్ వెబ్ సంస్థను పిలిపించి, ఆ సన్నటి లైను మీదే నడిచేలా, బ్రౌజర్‌లో తెరుచుకునే సాఫ్ట్‌వేర్‌ను రాయించుకున్నారు. క్రిస్ కార్మాక్ ఆ తొలి కోడ్ రాసినవారు. 2000 జనవరిలో లెవిన్ గ్రంథాలయం దాని మీదే తలుపులు తెరిచింది. ఒక చిన్న ట్రస్ట్, ఒక చిన్న సంస్థ ఇంత సాఫ్ట్‌వేర్‌ను ఎప్పటికీ ఒంటరిగా సాకలేవు కాబట్టి, నలుగురూ వాడితే నలుగురూ బాగుచేస్తారనే లెక్కతో దాన్ని ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద బయటికి ఇచ్చేశారు.

పేరు కూడా ఆ లెక్కకు తగ్గట్టే పెట్టారు. మావోరీ భాషలో కోహా అంటే అతిథులు వెళ్లినచోట సమర్పించుకునే కానుక. అది తిరిగి రాని దానం కిందికి రాదు. ఈ రోజు నువ్వు తెచ్చావు, రేపు నేను తెస్తాను అనే బంధం అందులో ఉంటుంది. తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పవలసిన పని లేదు. పెళ్లి పందిట్లో చదివింపులు అంతే కదా: ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాస్తారు, ఆ పుస్తకం బీరువాలో భద్రంగా ఉంటుంది, వాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు తీసి చూస్తారు. కోహా సాఫ్ట్‌వేర్‌లో స్టాఫ్ వైపు 'అబౌట్' పేజీ తెరిస్తే అటువంటి పుస్తకమే ఒకటి కనిపిస్తుంది. కోడ్ ఇచ్చినవారి పేర్లు, ప్రాజెక్టు కాలరేఖ అన్నీ అక్కడ వరుసగా ఉంటాయి. నేను కొత్తగా శిక్షణ ఇచ్చే లైబ్రేరియన్లకు ముందుగా చూపించేది ఆ పేజీనే.

అయితే చదివింపుల పుస్తకంలో ఒక విషయం రాసుకోలేదు. కోడ్‌ను ఎవరు ఎలా వాడుకోవచ్చో, ఎలా మార్చుకోవచ్చో జీపీఎల్ చెబుతుంది. ఆ కోడ్ ఏ పేరుతో బజారులో తిరగాలో, ఆ పేరు మీద హక్కు ఎవరిదో అది చెప్పదు. కాపీరైటు ఒక చట్టం, ట్రేడ్‌మార్క్ ఇంకో చట్టం. మొదటిది రాతను కాపాడితే, రెండోది ఆ సరుకు ఎవరి దగ్గరనుంచి వస్తోందన్న నమ్మకాన్ని కాపాడుతుంది. జీపీఎల్ లాంటి మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు, అపాచీ 2.0 అయితే ట్రేడ్‌మార్కుల వాడకానికి అనుమతి ఇవ్వడం లేదని విడిగానే రాసింది. కోహా మొదలైన రోజుల్లో ఆ పేరును ప్రాజెక్టు తరఫున, ప్రాజెక్టు నమ్మే సంస్థ చేతిలో నమోదు చేయించి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదు. ఆ రోజుల్లో అది ఎవరికీ తట్టలేదు. దానికి వాళ్లను తప్పుపట్టలేను. పిల్లాడు పుట్టిన రోజే ఆస్తి తగాదా గురించి ఆలోచించే ఇల్లు ఎక్కడుంటుంది?

తర్వాతి కథలో ముఖ్య పాత్ర లిబ్‌లైమ్ అనే అమెరికన్ సంస్థది. ఒహైయో రాష్ట్రంలోని నెల్సన్‌విల్ పబ్లిక్ లైబ్రరీ కోహాను తొలినాళ్లలోనే తీసుకుంది. అక్కడ పనిచేసిన జాషువా ఫెరారో 2005లో లిబ్‌లైమ్‌ను స్థాపించి, అమెరికా గ్రంథాలయాలకు కోహా సేవలు అందించడం మొదలుపెట్టారు. 2007లో కటిపో నుంచి కోహా విభాగాన్ని లిబ్‌లైమ్ కొనుగోలు చేసింది. ప్రాజెక్టు ప్రధాన వెబ్‌సైట్ డొమైన్ కూడా ఆ చేతికే వెళ్లింది. అప్పట్లో దీన్ని పెద్దగా ఎవరూ తప్పు అనుకోలేదు. లిబ్‌లైమ్ డెవలపర్లు నిజంగానే చాలా కోడ్ రాశారు, 2008లో వచ్చిన 3.0 వెర్షన్ వెనుక వాళ్ల శ్రమ ఉంది. ఊరి చెరువుకు గండి పడితే ముందుగా పారపట్టినవాడికే ఊరు తాళం చెవి అప్పగించినట్టు, పని చేస్తున్నవారి చేతిలోనే డొమైన్ ఉంటే మంచిదే అనుకున్నారు.

నమ్మకం దెబ్బతిన్నది 2009 సెప్టెంబరులో. లిబ్‌లైమ్ తన ఖాతాదారుల కోసం 'లిబ్‌లైమ్ ఎంటర్‌ప్రైజ్ కోహా' అనే వెర్షన్‌ను విడిగా, తన సొంత కోడ్ భాండాగారంలో నడుపుతానని ప్రకటించింది. ఇక్కడ ఒక సాంకేతిక సంగతి చెప్పాలి, ఎందుకంటే నా శిక్షణల్లో దీని దగ్గరే ఎక్కువమంది తడబడతారు. జీపీఎల్ ప్రకారం సాఫ్ట్‌వేర్ ప్రతిని ఇంకొకరికి ఇచ్చినప్పుడే దాని సోర్స్ కోడ్ కూడా ఇవ్వవలసిన బాధ్యత పుడుతుంది. కోహాను కంపెనీ తన సర్వర్ మీదే ఉంచుకుని, గ్రంథాలయానికి బ్రౌజర్ ద్వారా సేవ మాత్రం అందిస్తే ప్రతి చేతులు మారలేదు కనుక బాధ్యత పుట్టదు. అంటే లిబ్‌లైమ్ చేసిన పని లైసెన్సును ఉల్లంఘించలేదు. కాని చదివింపుల పుస్తకంలో రాసుకున్నవాళ్లందరికీ ఒక్కసారిగా, ఒక ఇంటివారు ఇకమీద విందుకు వస్తారేగాని చదివించరు అన్న కబురు అందినట్టయింది. కోడ్ తర్వాత ఇస్తామని చెప్పినా, మధ్యలో కొత్త వెర్షన్ ఎవరిదో, పాతది ఎవరిదో తేడా చూపించే గుర్తు ఒక్కటే మిగిలింది: కోహా అనే పేరు. ఆ పేరు రెండు చోట్లా ఉంది.

నా అభిప్రాయంలో ఈ వివాదంలో అసలు మలుపు ఇదే. ట్రేడ్‌మార్క్ దరఖాస్తు దీని తర్వాత వచ్చిన లక్షణం మాత్రమే. ఇది గమనించకుండా కథను "దుష్ట కంపెనీ, మంచి లైబ్రరీ" అని చెప్పేవారితో నాకు పేచీ ఉంది. వ్యాపారసంస్థ ఖాతాదారుల పట్ల బాధ్యతతో తన వెర్షన్‌ను స్థిరంగా ఉంచుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. తప్పల్లా ఉమ్మడి పేరును, ఉమ్మడి డొమైన్‌ను చేతిలో పెట్టుకుని, పనిని మాత్రం విడదీయడం.

2010 ఈ కథలో రద్దీగా గడిచిన సంవత్సరం. లిబ్‌లైమ్‌ను పీటీఎఫ్‌ఎస్ అనే మరో అమెరికన్ సంస్థ కొనబోతున్నట్టు జనవరిలో ప్రకటన వచ్చింది, మధ్యలో చెడింది, మార్చిలో పూర్తయింది. ఈ గడబిడలోనే, ఫిబ్రవరిలో, న్యూజిలాండ్‌లో కోహా పేరు మీద ట్రేడ్‌మార్క్ కోసం లిబ్‌లైమ్ పేరిట దరఖాస్తు వెళ్లింది. కమ్యూనిటీ మాత్రం ఎదురుచూస్తూ కూర్చోలేదు. కోడ్ భాండాగారం, బగ్ నమోదు వ్యవస్థ, మెయిలింగ్ లిస్టు, వికీ అన్నిటినీ కొత్త డొమైన్‌కు తరలించారు. ఆ డొమైన్ పేరు చూడండి: కోహా పక్కన ఒక గీత, ఆ పక్కన కమ్యూనిటీ అనే మాట. పాత డొమైన్‌ను వదిలేశారుగాని పేరును వదల్లేదు. కొత్త డొమైన్, ఇతర ఉమ్మడి ఆస్తులు ఎవరి పేరిట ఉండాలని చర్చించుకుని, చివరికి ఆ బాధ్యతను ఎక్కడ మొదలయ్యిందో అక్కడికే, హోరోఫెనువా లైబ్రరీ ట్రస్ట్‌కే అప్పగించారు. చట్టం దృష్టిలో 'కమ్యూనిటీ' అనే వ్యక్తి లేడు. ఆస్తి రాయాలంటే ఎవరో ఒక వ్యక్తి, సంస్థ, ట్రస్ట్ ఉండాలి. ఏ కంపెనీకీ పోటీ కానిది, సాఫ్ట్‌వేర్‌ను అమ్ముకోనిది, తాను స్వయంగా వాడుతున్నది కాబట్టి ఆ ట్రస్ట్ మీద అందరికీ గురి కుదిరింది.

2011 అక్టోబరు 31న మొదలై నవంబరు మొదటి వారం వరకు అంతర్జాతీయ కోహా సమావేశం ముంబై పక్కన థాణేలో జరిగింది. మన దేశంలో కోహా వాడకం ఊపందుకుంటున్న కాలమది. ఆ సమావేశం ముగిసి నెల తిరగకముందే, న్యూజిలాండ్‌లో కోహా ట్రేడ్‌మార్క్ దరఖాస్తును అక్కడి మేధోసంపత్తి కార్యాలయం ఆమోదించిందన్న వార్త వచ్చింది. హోరోఫెనువా ట్రస్ట్ బహిరంగంగా సహాయం కోరింది: మా దగ్గర వకీలుకు ఇచ్చేంత డబ్బు లేదు, అభ్యంతరం చెప్పడానికి గడువు కొద్దిగానే ఉంది అని. పత్రికలు దీన్ని "మావోరీ మాట మీద అమెరికా కంపెనీ హక్కు" అన్న శీర్షికల ధోరణిలో రాశాయి. విరాళాలు వచ్చాయి, న్యాయసహాయం ముందుకొచ్చింది.

పీటీఎఫ్‌ఎస్ దీనికి స్పందిస్తూ, కమ్యూనిటీకి ప్రాతినిధ్యం వహించే లాభాపేక్ష లేని సంస్థకు ఆ మార్కును బదిలీ చేయడానికి సిద్ధమేనని ప్రకటించింది. ఆ ప్రకటనను నేను చాలాసార్లు చదివాను. అందులో ఉన్న ప్రతిపాదన కాగితం మీద సహేతుకంగానే ఉంది. కాని అప్పటికే కమ్యూనిటీ తన ట్రస్టీని ఎన్నుకుని ఉంది, ఆ ట్రస్టీ పేరు అందరికీ తెలుసు; మరి ఇంకెవరు ప్రాతినిధ్యం వహించాలో పీటీఎఫ్‌ఎస్ ఎందుకు తేల్చాలి అన్న ప్రశ్న లేచింది. రెండేళ్ల కిందట ఇదే మాట చెప్పి ఉంటే బహుశా చేతులు కలిపేవారు. నమ్మకం పోయాక ఇచ్చిన మాటను ఎవరూ చేతిలోకి తీసుకోరు, దూరం నుంచి చూస్తారు.

ఇక్కడ ఆమోదం అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకోవాలి. ట్రేడ్‌మార్క్ కార్యాలయం దరఖాస్తును పరిశీలించి ఆమోదించడం అంటే నమోదు పూర్తయినట్టు కాదు; అది ప్రచురితమవుతుంది, అభ్యంతరం ఉన్నవారు గడువులోగా చెప్పాలి. న్యూజిలాండ్‌లో ఆ గడువు 3 నెలలు. మన ట్రేడ్‌మార్కుల చట్టం, 1999 ప్రకారం జర్నల్‌లో ప్రచురితమైన నాటినుంచి 4 నెలలు. న్యూజిలాండ్ చట్టంలో ఇంకో విశేషం ఉంది: మావోరీ మాటలు, గుర్తులు ఉన్న దరఖాస్తులను ఒక మావోరీ సలహా సంఘం చూస్తుంది. ఆ సంఘం పరిశీలించేది ఆ వాడకం మావోరీల మనోభావాలను గాయపరుస్తుందా అన్నంతవరకే. ఒక మాట గౌరవంగా ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, ఆ మాట ఎవరి సరుకుకు గుర్తు అన్నది ఇంకో ప్రశ్న. రెండో ప్రశ్నను ఎవరో ఒకరు అభ్యంతరంగా లేవనెత్తితేగాని కార్యాలయం తనంతట తాను తవ్వదు.

ఆ అభ్యంతరాన్ని క్రిస్ కార్మాక్ అప్పట్లో పనిచేస్తున్న వెల్లింగ్టన్ సంస్థ కేటలిస్ట్ ఐటీ నడిపించింది. 2013 డిసెంబరులో తీర్పు వచ్చింది: కోహా పేరును దరఖాస్తుదారు పేరిట నమోదు చేయడానికి కార్యాలయం నిరాకరించింది.

తీర్పు వెనుక ఉన్న తర్కాన్ని నా మాటల్లో, మన పనికి పనికొచ్చేలా చెబుతాను. పేరు మీద హక్కు ముందుగా ఫారం నింపినవారికి రాదు. ఆ పేరు వినగానే జనానికి ఎవరి సరుకు గుర్తుకొస్తుందో చూసి ఇస్తారు. న్యూజిలాండ్‌లో 2000 నుంచి పదేళ్లపాటు కోహా అంటే లెవిన్‌లో పుట్టి నలుగురూ కలిసి పెంచుతున్న సాఫ్ట్‌వేర్ అన్న గుర్తింపు స్థిరపడింది. దాన్ని రుజువు చేయడానికి కమ్యూనిటీ దగ్గర ఉన్న సరంజామా ఏ పెద్ద కంపెనీ దగ్గరా ఉండదు: ప్రతి మార్పుకూ తేదీ, పేరు ఉన్న కోడ్ చరిత్ర, ఏళ్ల తరబడి దాచిన మెయిలింగ్ లిస్టు, వెర్షన్ విడుదల ప్రకటనలు, సమావేశాల కార్యక్రమ పత్రాలు. చదివింపుల పుస్తకం కోర్టు మెట్లెక్కింది అనవచ్చు. మన చట్టంలోని 34వ సెక్షన్ కూడా నమోదైన యజమాని కంటే ముందునుంచి ఎడతెగకుండా వాడుతున్నవారి హక్కును కాపాడుతుంది. కాబట్టి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు నడిపేవారికి నేను చెప్పే మొదటి మాట పాత రికార్డులను పారేయవద్దని. సర్వర్ మారుస్తూ పాత వికీని చెరిపేసిన ప్రాజెక్టులను మన దగ్గరే చూశాను.

కోహా గెలుపును అన్ని ప్రాజెక్టులకూ వర్తింపజేయలేం. 2011 జనవరిలో హడ్సన్ అనే సాఫ్ట్‌వేర్‌ను నిర్మించిన కమ్యూనిటీ, ఆ పేరు తమదని ఒరాకిల్ కంపెనీ చెప్పడంతో, ఓటింగ్ పెట్టుకుని జెంకిన్స్ అని పేరు మార్చుకుని వెళ్లిపోయింది. వాళ్లు నష్టపోలేదు, ఇవాళ హడ్సన్ అంటే ఎవరికీ తెలియదు, జెంకిన్స్ అందరికీ తెలుసు. డెవలపర్లు వాడే పనిముట్టు పేరు మారితే వారంలో సర్దుకుంటారు. గ్రంథాలయాల సంగతి వేరు. మన దగ్గర కోహా అన్న మాట టెండరు పత్రాల్లో, విశ్వవిద్యాలయ సిలబస్‌లో, ఉద్యోగ ప్రకటనల్లో, న్యాక్‌కు పంపే నివేదికల్లో ఎక్కి కూర్చుంది. అక్కడ పేరు మార్చడమంటే ఊళ్లో ప్రతి తలుపు మీదా నంబరు మార్చడమే. హైదరాబాద్‌లో పుట్టిన న్యూజెన్‌లిబ్ అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌కు ఈ చిక్కు లేదు. వెరస్ సొల్యూషన్స్, కేశవన్ ఇన్‌స్టిట్యూట్ కలిసి దాన్ని రూపొందించి, 2008లో జీపీఎల్ కింద విడుదల చేశాయి. పేరు, కోడ్, సేవ మొదటినుంచీ ఒకే గడప నుంచి వచ్చాయి. అందులో స్పష్టత ఉంది. అయితే ఆ గడప మీదే అంతా ఆధారపడి ఉంటుంది కూడా.

ఇక మన కళాశాల దగ్గరికి వస్తాను. బిల్లు చూసిన తర్వాత నేను చేసిన పని ట్రేడ్‌మార్క్‌తో సంబంధం లేనిదిగా కనిపిస్తుంది, కాని రోగం ఒకటే. వార్షిక నిర్వహణ ఒప్పందం ఆ ఏడాది రెన్యువల్ చేయకపోతే కేటలాగ్ చిరునామా ఏమవుతుందని అడిగితే, ఆగిపోతుందని ఆ సంస్థ మనిషి ఫోనులో మామూలుగానే చెప్పాడు. ఆ చిరునామాతో ముద్రించిన క్యూఆర్ స్టిక్కర్లు ప్రతి బీరువా పక్కకూ, రీడింగ్ రూమ్‌లో ప్రతి బల్లకూ అంటించి ఉన్నాయి. కళాశాలకు, విద్యాసంస్థలకు డొమైన్లు ఇచ్చే ఎర్నెట్ ద్వారా తీసుకున్న సొంత డొమైన్ ఏనాటినుంచో ఉంది. దాని కింద 'ఓపాక్' (ఆన్‌లైన్ కేటలాగ్) అని ఒక ఉపడొమైన్ చేర్చడానికి కంప్యూటర్ సైన్స్ విభాగంలోని కుర్రాడికి పావుగంట పట్టింది, రూపాయి ఖర్చు కాలేదు. స్టిక్కర్లను గీకి తీయడానికి మాత్రం అటెండరుకు రెండు రోజులు పట్టింది. జిగురు మరకలు బల్లల మీద ఇప్పటికీ ఉన్నాయి.

అప్పటినుంచి నేను రాసే ప్రతి ఒప్పంద ముసాయిదాలో నాలుగు మాటలు తప్పనిసరిగా పెడుతున్నాను. డొమైన్ గ్రంథాలయం పేరిటే ఉండాలి. డేటాబేస్ పూర్తి బ్యాకప్ ప్రతి నెలా గ్రంథాలయం చేతికి రావాలి. కోహాలో చేసిన ఏ మార్పునైనా సోర్స్‌తో సహా గ్రంథాలయానికి ఇవ్వాలి. హోస్టింగ్ పేరుతో తప్పించుకోకూడదన్నందుకే ఈ షరతు. బిల్లులో సేవలకు మాత్రమే ధర వేయాలి, లైసెన్స్ అన్న మాట రాకూడదు. అమ్మకపుదారులు మొదటి మూడింటికీ ఒప్పుకుంటారు, నాలుగోదాని దగ్గర ముఖం మాడ్చుకుంటారు. కళాశాల అకౌంట్స్ విభాగం 'లైసెన్స్' అన్న మాట ఉంటేనే ఫైలు త్వరగా కదిలిస్తుందని ఒకాయన నాకు నచ్చజెప్పబోయాడు. అది నిజం కూడా కావచ్చు.

మొన్న ఆ లైబ్రేరియన్ ఫోన్ చేశారు. కొత్త సంస్థ నుంచి కొటేషన్ వచ్చిందట, అందులో మళ్లీ "కోహా లైసెన్స్" అని ఒక పద్దు ఉందట. "నేనే ఎర్రసిరాతో కొట్టేసి వెనక్కి పంపానండీ" అన్నారు. ఎవరు జారీ చేసిన లైసెన్సో రాతపూర్వకంగా చెప్పమని అడిగారట. జవాబు ఇంకా రాలేదు.